రాగి మీద వేలు పెట్టొద్దు

సిగ్నల్ ఇంజనీరుని చంపినవాళ్ళు అతని చొక్కా మడత కూడా నలగనివ్వలేదు. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చెవి వెనక సూది దిగిన చిన్న చుక్క, అంతే. బల్ల సొరుగులో ఉండాల్సిన డ్రాయింగు మాత్రం లేదు.

"మూడు నిమిషాల పని," అన్నాడు పెద్దాయన, ఫొటోని బల్ల మీదికి విసిరి. "తెలిసినవాళ్ళే. కూర్చుని టీ తాగారు. కప్పు కడిగి బోర్లించి మరీ వెళ్ళారు."

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి డిపార్ట్‌మెంట్‌లో పేరు లేదు. అందరూ గుండుసూది అంటారు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, తల ఒక్కటే గుండ్రం. ఎక్కడ గుచ్చితే అక్కడ ఉంటాడు. పనయ్యాక ఎక్కడ పడేశారో ఎవరికీ గుర్తుండదు.

"డ్రాయింగు దేనిది సార్?"

"జంక్షన్ దగ్గరున్న సిగ్నల్ పెట్టెది. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి చేసి ఆ పెట్టెలో తగిలిస్తే చాలు. రెండు వైపులా వచ్చే బళ్ళకి ఒకేసారి పచ్చ దీపం. ఒకే పట్టా మీద."

"ఎప్పుడు?"

"ఇవాళ్టి నుంచి ఆరో వారం, గురువారం, సాయంత్రం ఐదూ నలభై. సంధి మాటలకొచ్చే విదేశీ బృందం స్పెషల్ బండిలో దిగుతుంది. ఎదురుగా వచ్చేది ఆఫీసులు వదిలాక జనం ఇళ్ళకెళ్ళే పాసింజరు. అందులో పదమూడు వందలమంది. సంధి ఇష్టంలేని సరిహద్దవతలి ముఠా పని ఇది."

"బండి టైము మార్చేస్తే?"

"వాళ్ళూ మార్చుకుంటారు. నాకు ముఠా కావాలి. టైమ్ టేబుల్ కాదు."

పెద్దాయన అద్దంలాంటి బల్ల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పుకుపోయాడు.

"అలాంటి బోర్డు ఫ్యాక్టరీలో చేయిస్తే డిజైన్ రికార్డవుతుంది. వాళ్ళకా సంగతి తెలుసు. అందుకని ఇంట్లో చేయించుకుంటారు. రాగి పూతేసిన అట్టలు, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ పొడి ఊళ్ళో అందరికంటే ఎక్కువ కొనేది ఒక్క ఇల్లు. రిటైరైన సైన్సు మాస్టారు. ఆదివారాలు క్లాసు చెప్తాడు. 'ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి' అని గేటుకి బోర్డు కూడా కట్టాడు. ముఠా మనిషి ఆ క్లాసులోనే ఉన్నాడు. మన ఏజెంటు నెమలి ఇప్పటికే చేరింది. నువ్వూ చేరు."

"గుర్తు?"

"తను 'ఇస్త్రీ పట్టు మీద పెట్టారా?' అంటుంది. 'కాదు, నూలు మీద' అను."

వెళ్ళేముందు గుండుసూదికి మూడు వస్తువులిచ్చారు. ఫొటోలు తీసే చొక్కా గుండీ. విషపు సూది విసిరే పెన్ను. ఆఫీసుకి సంకేతం పంపే వాచీ. మూడింటికీ సంతకం పెట్టించుకున్నారు.

"పోగొడితే జీతంలో కోత," అన్నాడు స్టోరు గుమాస్తా.

"నేను పోతే?"

"అప్పుడు కొయ్యడానికి జీతమే ఉండదు కదండీ."

*

మాస్టారి వాటా మేడ మీద. రెండు గదులు, ఒక వంటగది. ముందు గదిలో పొడుగాటి చెక్కబల్ల. దాని మీద లేజర్ ప్రింటరు, చిన్న డ్రిల్లు, సోల్డరింగ్ కడ్డీ, పాత ఇస్త్రీ పెట్టె. కిటికీ కింద పసుపు రంగు ప్లాస్టిక్ టబ్బు. అందులో తుప్పు నీళ్ళ రంగు ద్రావకం. గచ్చు మీద, గోడ మీద, మాస్టారి లాల్చీ మీద అదే రంగు మరకలు.

గుండుసూది బొమ్మలు రిపేరు చేసేవాడి వేషంలో వెళ్ళాడు. అతికించిన మీసం, చేతిలో కీ ఇచ్చే కోతిబొమ్మ. ఒక టీవీ మెకానిక్కు, ఒక బ్యాంకు గుమాస్తా ముందే వచ్చి కూర్చున్నారు.

మాస్టారు రాగి అట్ట ముక్కని స్టీలు పీచుతో తళతళలాడేలా తోమి, అంచులు మాత్రం పట్టుకుని పైకెత్తాడు.

"మొదటి పాఠం. తోమిన రాగి మీద వేలు పెట్టొద్దు. వేలికి జిడ్డుంటుంది. జిడ్డున్న చోట ద్రావకం రాగిని సరిగ్గా తినదు. పల్చటి పొర మిగిలిపోతుంది. కంటికి ఆనదు. తర్వాత ఏడుస్తారు."

"జిడ్డు గురించి ఆయనే చెప్పాలి," అంది వంటగదిలోంచి మాస్టారి భార్య. "స్నానానికి నీళ్ళు తోడి గంటైంది."

"క్లాసు జరుగుతోందే."

"నీళ్ళు చల్లారుతున్నాయండీ."

మాస్టారు వినపడనట్టే కొనసాగించాడు. డిజైన్‌ని అద్దంలో కనపడేట్టు తిప్పి నున్నటి కాయితం మీద ప్రింటు తీశాడు. ఆ కాయితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టె ఎత్తాడు.

"రెండో పాఠం. బట్టల మీద తిప్పినట్టు తిప్పకూడదు. జరిపితే గీతలన్నీ అలుక్కుపోతాయి. నొక్కి పట్టి నూట ఇరవై లెక్కపెట్టాలి. నల్ల టోనరు కరిగి రాగికి అతుక్కుంటుంది."

"అది నా ఇస్త్రీ పెట్టె," అంది వంటగది. "పోయినసారి మీ తెల్ల చొక్కా మీద ఏదో ట్రాన్సిస్టరు బొమ్మ అచ్చయింది. అది తొడుక్కుని పెళ్ళికెళ్ళారు, గుర్తుందా?"

టీవీ మెకానిక్కు పడీపడీ నవ్వాడు. మాస్టారూ నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా తిట్లు తిని ఒళ్ళు చేసినవాడి నవ్వు అది.

కాయితాన్ని నీళ్ళలో నానబెట్టి ఒలిచాడు. రాగి మీద నల్ల గీతలు మిగిలాయి. దాన్ని టబ్బులో వేసి మెల్లగా ఊపసాగాడు. గీతలు లేని చోట రాగి కరిగిపోతుంది, గీత కింద దాక్కున్నది మిగిలిపోతుంది.

"మూడో పాఠం. టబ్బు దగ్గర తొందర పనికిరాదు. అయిపోయినట్టు కనపడ్డాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి."

"నాలుగో పాఠం నేను చెప్తాను," అంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది. పొట్టి మనిషి. తలకి నూనె బాగా పెట్టి ముడి వేసింది. చేతిలో అడుగు ఊడిపోయిన అల్యూమినియం గిన్నె ఉంది. "ఆ నీళ్ళు నా గిన్నెల్లో పొయ్యొద్దు. బుసబుసా పొంగి గిన్నెనే మింగేసింది. పెళ్ళినాటి గిన్నె."

అప్పుడు వచ్చింది నెమలి. ముందు సెంటు వాసన వచ్చింది, వెనక తను. ఎర్రటి గోళ్ళు, మెడలో సర్క్యూట్ ముక్కతో చేసిన లాకెట్టు. ఫ్యాషన్ నగల డిజైనర్నని చెప్పుకుంది. పోయినవారమే చేరిందట. ఆ వారం కూడా ఇరవై నిమిషాలు ఆలస్యమేనట.

"సారీ మాస్టారూ. ట్రాఫిక్కు."

ఖాళీ స్టూలు లాక్కుని గుండుసూది పక్కన కూర్చుంటూ, ఇస్త్రీ పెట్టె వైపు చూసింది. "పట్టు మీద పెట్టారా?"

"కాదు, నూలు మీద."

ఆమె పెదవి కొంచెం వంగింది. గుండుసూది కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు అతను చేసిన తప్పు అదే.

*

నాలుగు ఆదివారాలు గడిచాయి. గుండుసూది టీవీ మెకానిక్కుని వెంబడించాడు. వాడు రెండో పెళ్ళాం ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్ళడు. బ్యాంకు గుమాస్తాని వెంబడించాడు. వాడు ఎక్కడికీ వెళ్ళడు. నెమలి వారం వారం రిపోర్టు పంపింది: అనుమానం మాస్టారి మీదే, ఇంకొంచెం టైము కావాలి.

గుండుసూదికి మాత్రం బోర్డులు చెయ్యడం వచ్చేసింది. అతని బోర్డుని కిటికీ వెలుగులో పెట్టి చూసి మాస్టారు, "ఇన్నాళ్ళూ బొమ్మలతో ఏం చేశావయ్యా? నీ చెయ్యి మంచిది," అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో గుండుసూది చేతిని ఎవరూ మంచిదనలేదు.

ఆరో వారం గురువారం మధ్యాహ్నం రెండింటికి నెమలి నుంచి కబురు. *మాస్టారింట్లో ఉన్నాను. బోర్డు దొరికింది. ఒక్కడివే రా.*

అతను ఒక్కడే వెళ్ళాడు.

తలుపు తెరిచే ఉంది. మాస్టారు టబ్బు పక్కన వెల్లకిలా పడున్నాడు. లాల్చీ మీద పాత మరకల మధ్య రెండు కొత్త మరకలు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని భార్య గచ్చు మీద కూర్చుంది. ఏడవడం లేదు. ఆయన చెంప మీద పడ్డ ద్రావకపు చుక్కని కొంగుతో తుడుస్తోంది. అది పోవడం లేదు.

గుండుసూది చెయ్యి పెన్ను మీదికి వెళ్ళేలోపు వీపుకి పిస్తోలు తగిలింది.

"పెన్ను, వాచీ, రెండో గుండీ," అంది నెమలి. "ఆ స్టోరు జాబితా ఆమోదించింది నేనే. మీసం ఉంచుకో. నీకు బాగుంది."

లోపలి గదిలోంచి ఒక లావాటి మనిషి వచ్చాడు. తోలు కోటు, చంకలో హెల్మెట్. నెమలి అతన్ని డ్రైవర్ అని పిలిచింది. గుండుసూది దగ్గరున్న మూడు వస్తువులూ లాక్కుని బూటు కింద వేసి నలిపాడు. తర్వాత గుండుసూదిని కుర్చీకి తీసుకెళ్ళి కాళ్ళు కరెంటు తీగతో కట్టేశాడు. చేతులు వదిలేశాడు.

"ఇంజనీరు టీ ఇచ్చింది నీకేనా?" అన్నాడు గుండుసూది.

"పంచదార ఎక్కువేశాడు పాపం." నెమలి బల్ల చివర కూర్చుని కాలు మీద కాలేసుకుంది. "ఈ మాస్టారికి డ్రాయింగిచ్చి, నగ డిజైను చేసిపెట్టమన్నాను. నాలుగు రోజులు కూర్చుని చక్కగా చేశాడు. అంతా అయ్యాక ఇవాళ అద్దం పెట్టి చూసి, 'అమ్మాయ్, ఇది రైలు సిగ్నల్ కదూ?' అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం? తల ఊపాడు. మాట్లాడుతూనే బోర్డు మీద నల్ల గీతలన్నీ తుడిచేసి టబ్బులో వేశాడు. కబుర్లు చెప్తూ ఊపుతున్నాడు. కడుగుతున్నాడనుకున్నాను. తీరా చూస్తే..."

ఆమె టబ్బు పక్క నుంచి ఒక అట్టముక్క తీసి చూపించింది. ఒక్క గీత లేదు. రాగి మొత్తం పోయింది. ఉత్త పసుపుపచ్చ అట్ట.

"నాలుగు రోజుల పని. నా కళ్ళ ముందే." ఆ మాట అన్నప్పుడు మాత్రం అట్టని బల్లకేసి కొట్టింది. "ఇప్పుడు నువ్వు చేస్తావు. కాయితం మీద ప్రింటు రెడీగా ఉంది. విడిభాగాలున్నాయి. నాలుగున్నరకి డ్రైవర్ బయల్దేరాలి."

"చెయ్యకపోతే?"

పిస్తోలు మొన గచ్చు మీద కూర్చున్న మనిషి వైపు తిరిగింది. "ముందు మోకాలు. తర్వాత రెండో మోకాలు. ఆవిడ కేకలేస్తుంటే ఎంతసేపు కూర్చుంటావో చూద్దాం."

గుండుసూది లెక్క వేసుకున్నాడు. ఒక ముసలావిడ మోకాళ్ళు ఒక వైపు, పదమూడు వందలమంది ఒక వైపు. డిపార్ట్‌మెంట్ నేర్పిన లెక్కలో ఇది కష్టమైనది కాదు. నోరు తెరిచాడు.

అతని కంటే ముందు ఆవిడ మాట్లాడింది.

"చెయ్యి తమ్ముడూ. చేసి పంపించెయ్యి. నాకు నొప్పులు ఓర్చుకునే వయసు కాదు." మొగుడి తలని మెల్లగా గచ్చు మీద దించి లేచింది. "రాగి నేను తోముతాను. ఆయనకి రోజూ తోమి ఇచ్చేది నేనే."

నెమలి తన ఎర్ర గోళ్ళు చూసుకుంది. "తోము."

*

ఆవిడ తోమింది. గిన్నెలు తోమినట్టే, మోచెయ్యి దాకా ఊపుతూ. అంచులు పట్టుకుని నీళ్ళ కింద కడిగింది. గుండుసూది ఆవిడ చేతుల వైపే చూస్తున్నాడు. ఎక్కడా వేలు తగల్లేదు. ఆ గుమ్మం అవతల నిలబడి ముప్పై ఏళ్ళు విన్న పాఠం.

అతను కాయితం బోర్లించి ఇస్త్రీ పెట్టె నొక్కాడు. నెమలి పిస్తోలు అతని మెడ మీద పెట్టి గడియారం చూసింది. నూట ఇరవై. నీళ్ళలో నానబెట్టి ఒలిస్తే గీతలన్నీ నిక్కచ్చిగా అతుక్కున్నాయి. నెమలి భూతద్దం పెట్టి డ్రాయింగుతో ఒక్కో గీతా సరిచూసింది. వంక పెట్టడానికేమీ లేదు. అతని చెయ్యి నిజంగా మంచిదే.

"టబ్బులో వెయ్యి."

"తడి ఆరాలమ్మా," అంది మాస్టారి భార్య. "ఇటివ్వు. తుడిచి వేస్తాను."

బోర్డు అందుకుంది. జుట్టు మొహాన పడితే పైకి తోసుకుంది. బొటనవేలు నూనె పెట్టిన పాపిట వెంట ఒక్కసారి నెమ్మదిగా పాకింది. తర్వాత అదే బొటనవేలు బోర్డు మీద రెండు లావు గీతల మధ్య దిగింది. దిగి, ఒక క్షణం అక్కడే ఆగింది.

గుండుసూది చూశాడు. ఆ రెండూ కరెంటు వచ్చే గీత, పోయే గీత.

ఆవిడా అతన్ని చూసింది. కళ్ళలో ఏమీ లేదు.

అతను గట్టిగా దగ్గాడు. "నెమలీ, ఆ ఇంజనీరుకి పిల్లలున్నారు. తెలుసా?"

"ఇద్దరు," అంది నెమలి అతని వైపు తిరిగి. "ఆయన ఫొటో కూడా చూపించాడు. అయితే?"

బోర్డు టబ్బులో పడింది.

నాలుగూ ఐదుకి రాగి కరిగిపోయినట్టు కనపడింది. "తియ్యి," అంది నెమలి.

"ఇంకో ఐదు నిమిషాలుంచాలి," అన్నాడు గుండుసూది, విసుగ్గా, కాలయాపన చేసేవాడిలా. అలా అంటే ఆమె ఒక్క నిమిషం కూడా ఉంచదని అతనికి తెలుసు.

"తియ్యమన్నానా!"

తన సంచీలోంచి గోళ్ళ రంగు తుడిచే సీసా తీసిచ్చింది. దాంతో నల్ల టోనరు తుడిచేస్తే కింద రాగి గీతలు మెరిశాయి. రెండు లావు గీతల మధ్య మాత్రం మబ్బు పట్టినట్టు, గోధుమరంగులో, బొటనవేలంత మసక.

"ఇదేంటి?" నెమలి భూతద్దం వంచింది.

గదిలో టబ్బు కూడా ఊపిరి బిగబట్టినట్టుంది.

"ద్రావకం మరకమ్మా," అంది మాస్టారి భార్య. "నా బతుకంతా అవే. ఆ గచ్చు చూడు. ఆ గోడ చూడు. ఆ మనిషి చెంప చూడు. తోమి తోమి నా చేతులరిగాయి గానీ ఒక్కటీ పోలేదు."

నెమలి మీటరు తీసి పరీక్షించింది. ప్రతి గీతా ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఎక్కడా తెగలేదు. మీటరు కూతవేసిన ప్రతిసారీ తృప్తిగా తల ఊపింది. రెండోవారం కూడా ఆలస్యంగా వచ్చిన శిష్యురాలు. అందరూ మొదట చేసే తప్పే చేసింది. కలవాల్సినవి కలిశాయో లేదో చూసింది. కలవకూడనివి కలిశాయేమో చూడలేదు.

గుండుసూది రంధ్రాలు వేసి విడిభాగాలు సోల్డరింగ్ చేశాడు. నాలుగూ ఇరవై రెండు.

"పైన ఒక పూత వెయ్యాలి. లేకపోతే తేమకి రాగి నల్లబడుతుంది. మాస్టారు వార్నిష్ వేసేవారు, అయిపోయింది." ఆమె గోళ్ళు చూశాడు. "అదైనా చాలు."

నెమలికి నవ్వొచ్చింది. ఎర్ర రంగు సీసా విసిరింది. అతను చిన్న కుంచెతో రాగి మొత్తం కప్పేశాడు. మసక అయిన చోట రెండుసార్లు.

"అందంగా ఉంది," అంది. "మీ డిపార్ట్‌మెంట్ చేసిన మంచి పని ఇదొక్కటే."

బోర్డుకి కరెంటు సిగ్నల్ పెట్టెలోంచే రావాలి. ఇంట్లో పెట్టి చూసే వీల్లేదు. డ్రైవర్ దాన్ని దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. కింద మోటారుసైకిలు చప్పుడు దూరమైంది.

"మమ్మల్ని ఇంకా ఎందుకు ఉంచావు?" అన్నాడు గుండుసూది.

"ఫోనొచ్చేదాకా. ఏదైనా తేడా వస్తే నీ చెయ్యి మళ్ళీ కావాలి. తేడా రాకపోతే," ఆమె భుజాలెగరేసింది, "చెయ్యీ అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు."

మాస్టారి భార్య అలమర తెరిచి ఒక తెల్ల చొక్కా తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"చొక్కా మార్చాలి. ఈ మరకల లాల్చీతో ఎలా పంపను? జనం ఏమనుకుంటారు?" అప్పటిదాకా లేని ఏడుపు గొంతులో పొంగింది. "ఇస్త్రీ చేసుకోనీ అమ్మాయ్. ఇదొక్కటే."

నెమలి జాలి పడలేదు. కానీ ఆ ఏడుపు వినే ఓపిక కూడా లేదు. "ఏడవకుండా చేసుకో."

ఐదున్నర దాకా ఆవిడ ఆ ఒక్క చొక్కానే ఇస్త్రీ చేసింది. మడత విప్పి మళ్ళీ చేసింది. పెట్టె మీద మీట నూలు దగ్గర ఉంది. నెమలి బల్ల ఇవతల కూర్చుని ఫోను ఎడమచేతిలో పట్టుకుంది. పిస్తోలున్న కుడిచెయ్యి బల్ల మీద ఆనించింది, మొన గుండుసూది వైపు.

ఐదూ ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. దూరంగా ఎక్కడో రైలు కూత. ఇంకో వైపు నుంచి ఇంకో కూత.

ఐదూ నలభైకి ఫోను మోగింది. అవతలివాడు మాట్లాడలేదు, అరిచాడు. గది మొత్తానికీ వినపడింది.

"పెట్టంగానే భగ్గుమంది! నా చెయ్యి... పెట్టె మొత్తం మాడిపోయింది! రెండు వైపులా ఎర్ర దీపాలు! బళ్ళు ఆగిపోయాయి! పోలీసులు..."

సిగ్నల్ పెట్టెలకి ఒక మంచి గుణం ఉంది. లోపల ఏది కాలినా ఎర్ర దీపమే వెలుగుతుంది.

నెమలి మొహం గుండుసూది వైపు తిరిగింది. అరచెయ్యి పిస్తోలు మీద బిగిసింది.

ఇస్త్రీ పెట్టె ఆ చేతి మీద దిగింది.

పిస్తోలు ఒకసారి పేలింది, గోడలోకి. నెమలి వేసిన కేకకి కింది వాటా కిటికీలు తెరుచుకున్నాయి. గుండుసూది కుర్చీతో సహా ఆమె మీద పడి మెడ బల్లకేసి అదిమాడు. మాస్టారి భార్య పొట్టి మనిషి. మునివేళ్ళ మీద లేచి ఒంటి బరువంతా పెట్టె మీద వేసింది.

"జరపకూడదు," అంది. "జరిపితే అలుక్కుపోతుంది. ఒకటి. రెండు. మూడు."

పదిహేను దగ్గర వాసన మొదలైంది. నలభై దగ్గర నెమలి తన ముఠా వాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు. అరవై దగ్గర స్పృహ తప్పింది.

"అక్కయ్యగారూ," అన్నాడు గుండుసూది, "ఇక చాలేమో."

"ఆయన నూట ఇరవై అన్నారు."

అతను ఆపలేదు. తర్వాత రిపోర్టులో కూడా ఎంతదాకా లెక్కపెట్టిందో రాయలేదు.

*

నెమలి ఫోనులోంచి గుండుసూది కబురు చేస్తే పెద్దాయన ఆరూ పదికి వచ్చాడు. గది చూశాడు, నెమలి చెయ్యి చూశాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మీ ఇద్దర్లో ఒకరు అటువాళ్ళని నాకు మూడు నెలలుగా తెలుసు," అన్నాడు గుండుసూదితో. "ఎవరో తెలీలేదు. అందుకే ఇద్దర్నీ ఒకేచోట పెట్టాను."

"బళ్ళు ఎందుకు ఆపించలేదు సార్?"

"స్టేషన్లో ఫోను దగ్గర మనిషిని పెట్టాను. ఆఖరి నిమిషం దాకా చూద్దామనుకున్నాను."

"ఒక నిమిషం అటూ ఇటూ అయితే?"

"అయ్యేది."

"మాస్టారు?"

పెద్దాయన నిజంగానే ఆలోచించాడు. "ఆయన లెక్కలో లేడు," అన్నాడు చివరికి.

ఇద్దరు మనుషులు మాస్టారిని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఆయన తెల్ల చొక్కాలో ఉన్నాడు. కాలరు కూడా నలగలేదు.

"ఆపరేషన్ సీక్రెట్ అమ్మా," అన్నాడు పెద్దాయన. "కాయితాల్లో గుండెపోటని రాస్తాం."

"రెండు గుళ్ళ గుండెపోటా?"

పెద్దాయన దగ్గాడు. "మీరు దేశానికి చాలా చేశారు. ఏం కావాలో అడగండి."

"నా ఇస్త్రీ పెట్టె."

"అది సాక్ష్యం. ఇవ్వడం కుదరదు."

ఆవిడ అతన్ని నఖశిఖపర్యంతం ఒకసారి చూసింది, తోమినా పోని మరకని చూసినట్టు. తర్వాత చీపురు తీసుకుని గచ్చు మీద బూటు కింద నలిగిన వాచీ ముక్కలు ఊడ్చింది.

ఆ ముక్కల ధర గుండుసూది జీతంలో కోశారు.

ఆదివారం టీవీ మెకానిక్కు, బ్యాంకు గుమాస్తా మెట్లెక్కి వచ్చి, గుండెపోటు కబురు విని, తిరిగి వెళ్ళబోయారు. మాస్టారి భార్య తలుపు పూర్తిగా తెరిచింది. బల్ల మీద కొత్త ఇస్త్రీ పెట్టె ఉంది. దాన్ని ఎవరు కొనిచ్చారో ఆవిడ చెప్పలేదు. వెనక స్టూలు మీద బొమ్మలు రిపేరు చేసేవాడు, ఈసారి మీసం లేకుండా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ తోమిన రాగి అట్టని అంచులు పట్టుకుని పైకెత్తింది.

"మొదటి పాఠం. రాగి మీద వేలు పెట్టొద్దు," అంది. "ఎప్పుడు పెట్టాలో ఆఖరి పాఠంలో చెప్తాను."